పాస్ ఉంది సరే, తేదీ ఉందా?

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్ 2021 ఆగస్టు 25న కొత్త ఏడాది పాస్‌లను అమ్మకానికి పెట్టింది. వాటి పేరు మ్యాజిక్ కీ. నాలుగు రకాల్లో అన్నిటికన్నా ఖరీదైనది డ్రీమ్ కీ, ధర 1,399 డాలర్లు. అంత పెట్టి కొనేవాళ్లను లాగిన మాట ఒక్కటే: బ్లాకౌట్ తేదీలు లేవు. అంటే ఈ పాస్ చెల్లని రోజంటూ ఏడాదిలో ఒక్కటీ ఉండదు. పండగ వారమైనా సరే, వేసవి శనివారమైనా సరే. కొన్నవాళ్లలో కొందరు అక్టోబరులో ఫోన్ తీసి నవంబరు కేలండర్ తెరిచారు. శనివారం నొక్కితే ఖాళీ లేదు. ఆదివారం నొక్కితే ఖాళీ లేదు. తర్వాతి వారం చూసినా అంతే. ఏడాది పాస్ పక్కనపెట్టి రోజు టికెట్ల పేజీకి వెళ్తే, ఖాళీ లేదన్న తేదీలకే అక్కడ టికెట్లు అమ్ముతున్నారని ఆ తర్వాత కోర్టులో దాఖలైన ఫిర్యాదు ఆరోపించింది.

పాస్ చెల్లుతుంది, కానీ తేదీ దొరకదు. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావడం ఎలా సాధ్యం? ఏడాది పాస్‌కు రిజర్వేషన్, అంటే వెళ్లే తేదీని ముందే బుక్ చేసుకోవాలన్న నియమం, తగిలించాక అది చూడ్డానికి పాతదానిలాగే ఉన్నా లోపల వేరే సరుకుగా మారిపోయింది. పాత పాస్ గేటు దాటే హక్కు. కొత్త పాస్‌తో వచ్చేది తేదీ అడిగే అర్హత. ఆ అర్హతను కూడా ఒకేసారి ఎన్నిసార్లు వాడుకోవచ్చో లెక్క కట్టి ఇస్తారు. కొనేముందు ఈ లెక్క అర్థం చేసుకోనివాళ్లు ఎంత మంచి పాస్ కొన్నా నిరాశ పడతారు. అర్థం చేసుకున్నవాళ్లకు తక్కువ రకం పాస్ కూడా చాలా రోజులు ఇస్తుంది.

డిస్నీల్యాండ్‌కు ఈ మార్పు ఎందుకంత పెద్దదైందో తెలియాలంటే అక్కడి పాస్‌హోల్డర్లు ఎవరో తెలియాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు జనం ఎక్కువగా విమానం ఎక్కి వస్తారు, హోటల్లో దిగుతారు, నాలుగైదు రోజులుండి పోతారు. 1955లో తెరిచిన డిస్నీల్యాండ్ అలా కాదు. చుట్టూ లాస్ ఏంజెలిస్, ఆరెంజ్ కౌంటీ జనసముద్రం. అక్కడివాళ్లకు అది యాత్రాస్థలం కంటే ఊళ్లోని పెద్ద తోటలాంటిది. బుధవారం ఆఫీసు అయిపోయాక కారు అటు తిప్పి, లోపల ఏదో తిని, పిల్లల్ని రెండు రైడ్లు ఎక్కించి, బాణసంచా ఉంటే చూసి రాత్రికి బయటపడడం చాలా కుటుంబాల అలవాటు. రెండు గంటల కోసం వెళ్లినా నష్టమేమీ లేదు, ఎందుకంటే డబ్బు ముందే కట్టేశారు. వాన పడితే వెళ్లరు, పిల్లాడికి జ్వరం వస్తే వెళ్లరు, బాగుంటే రేపు మళ్లీ వెళ్తారు. ఏడాది పాస్‌లో ఉన్న అసలు సుఖం ఇదే. ఎన్ని రోజులు తెరిచి ఉంటుందన్నది ఆ తర్వాతి మాట.

రిజర్వేషన్ మొట్టమొదట తాకింది ఈ సుఖాన్నే. అది కరోనాతో వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, డిస్నీల్యాండ్ అంతకు ముందే దాన్ని రుచి చూపింది. 2019 మే నెలలో 599 డాలర్లకు ఫ్లెక్స్ పాస్ అనే కొత్త రకం తెచ్చింది. కేలండర్లో కొన్ని రోజులు నేరుగా వెళ్లిపోవచ్చు, కొన్ని రోజులకు ముందుగా బుక్ చేసుకోవాలి, కొన్ని రోజులు అసలు కుదరదు. బుకింగ్ 30 రోజుల ముందు వరకే, ఒకేసారి రెండు మాత్రమే. స్టార్ వార్స్ పేరుతో కట్టిన కొత్త విభాగం ఆ మే 31నే తెరుచుకుంది. జనం విరగబడతారన్న అంచనాతో మొదటి మూడు వారాలకు పైగా ఆ విభాగంలోకి పోవడానికీ రిజర్వేషన్ పెట్టారు. అంటే రద్దీని తేదీలవారీగా పంచాలన్న ఆలోచన అప్పటికే ముదిరి ఉంది. మిగతా పాస్‌లన్నీ పాతవే కాబట్టి ఫ్లెక్స్ పాస్‌ను ఎవరూ ముప్పుగా చూడలేదు. ఇష్టమైనవాళ్లు కొనుక్కున్నారు, అంతే.

2020 మార్చిలో పార్కులు మూతపడ్డాయి. ఫ్లోరిడా ఆ జులైలోనే తెరుచుకుంది, టికెట్ ఉన్నా పాస్ ఉన్నా తేదీ బుక్ చేసుకున్నాకే లోపలికి అనే నియమంతో. డిస్నీల్యాండ్ ఏడాదికి పైగా మూతపడే ఉంది. 2021 జనవరిలో పాత ఏడాది పాస్‌ల పథకాన్నే రద్దు చేసి, మిగిలిన కాలానికి డబ్బు వాపసిస్తామని ప్రకటించింది. ఏప్రిల్ 30న గేట్లు తెరిచేనాటికి ఎంతమందిని లోపలికి వదలాలో రాష్ట్ర ప్రభుత్వమే పరిమితి పెట్టింది, రాష్ట్రం బయటివాళ్లను అనుమతించలేదు. అలాంటి రోజుల్లో రిజర్వేషన్ తప్పనిసరి, దానికెవరూ అభ్యంతరం చెప్పలేరు. కానీ ఆ పరిమితులు జూన్ మధ్యలో ఎత్తేశారు. రిజర్వేషన్ మాత్రం ఉండిపోయింది. ఆగస్టులో మ్యాజిక్ కీ వచ్చేసరికి అది నాలుగు రకాల పాస్‌లకూ పునాది అయింది.

ఇక లెక్కలోకి వెళ్దాం. మ్యాజిక్ కీ మొదటి ధరలు ఇవి: దక్షిణ కాలిఫోర్నియావాళ్లకు మాత్రమే ఇచ్చే ఇమాజిన్ 399 డాలర్లు, ఎన్చాంట్ 649, బిలీవ్ 949, డ్రీమ్ 1,399. బ్లాకౌట్ తేదీల్లో తేడాలు అందరూ చూస్తారు. వాటి పక్కనే చిన్నగా ఇంకో అంకె ఉంటుంది, ఒకేసారి ఎన్ని రిజర్వేషన్లు చేతిలో పెట్టుకోవచ్చు అన్నది. ఇమాజిన్‌కు రెండు, ఎన్చాంట్‌కు నాలుగు, బిలీవ్‌కూ డ్రీమ్‌కూ ఆరేసి. బుకింగ్ 90 రోజుల ముందు నుంచి చేసుకోవచ్చు. ఒక తేదీ వాడుకున్నాక గానీ, క్యాన్సిల్ చేసుకున్నాక గానీ ఆ స్లాట్, అంటే ఆ రిజర్వేషన్ ఆక్రమించిన చోటు, ఖాళీ అవుతుంది, అప్పుడే ఇంకో తేదీ బుక్ చేసుకునే వీలు.

స్లాట్‌ను అద్దెగదిలా ఊహించుకుంటే సులువు. రెండు గదులున్నాయి. ఒక గదిలో దిగిన అతిథి ఖాళీ చేస్తే తప్ప ఇంకొకరికి ఇవ్వలేం. ఈ రోజు కూర్చుని అరవై రోజుల తర్వాతి శనివారానికి బుక్ చేస్తే, ఆ గది అరవై రోజులు నిండి ఉన్నట్టే. రెండు గదులకు ఏడాదిలో 730 గది-రోజులు. ఒక్కో రాక అరవై రోజులు మింగితే ఏడాదికి 12 రాకలే సాధ్యం. ముప్పై రోజుల ముందు బుక్ చేస్తే 24. పది రోజుల ముందైతే 73. అన్నీ అదే పాస్‌తో, అదే ధరకు. ఇప్పుడు ఆరు స్లాట్ల పాస్ తీసుకోండి. 2,190 గది-రోజులు. ఎప్పుడూ 90 రోజుల ముందే బుక్ చేసే మనిషికి అందులో దక్కేది 24 రాకలు. రెండు స్లాట్ల పాస్ కొని నెల ముందు బుక్ చేసే మనిషికీ అంతే దక్కుతాయి. వరుసల గణితంలో దీనికి పేరుంది, లిటిల్ సూత్రం. జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. లోపల ఎంతమంది ఉన్నారన్నది, ఎంత వేగంగా వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారు అన్న రెంటి గుణకారానికి సమానం. బ్యాంకు క్యూకైనా ఆసుపత్రి పడకలకైనా రిజర్వేషన్ స్లాట్లకైనా ఒకే సూత్రం.

ఇవి గరిష్ఠ అంకెలని గుర్తుంచుకోవాలి. నిజ జీవితంలో 73 సార్లు వెళ్లేవాళ్లు తక్కువే. కానీ ఈ లెక్క ఒక సంగతి బయటపెడుతుంది. తేదీలు తేలిగ్గా దొరికే కాలంలో స్లాట్ల సంఖ్య పెద్ద విషయం కాదు. రెండున్నా చాలు, తిప్పుకుంటూ పోవచ్చు. తేదీలు కరువైనప్పుడు జనం ముందుగా బుక్ చేయక తప్పదు. ముందుగా బుక్ చేసేకొద్దీ స్లాట్లు ఎక్కువ కాలం ఇరుక్కుపోతాయి. అంటే కరువు రెండు దెబ్బలు కొడుతుంది. తేదీ దొరకడం కష్టమవుతుంది, దొరికిన తేదీ మిగతా తేదీలకు దారి మూసేస్తుంది. డిసెంబరులో రెండు శనివారాలు పట్టుకుని పెట్టుకున్న ఇమాజిన్ పాస్‌హోల్డర్‌కు అక్టోబరు, నవంబరు నెలలు ఖాళీగా కనిపిస్తున్నా వెళ్లే దారి లేదు, ఒక శనివారాన్ని వదులుకుంటే తప్ప. బ్లాకౌట్ తేదీల కన్నా జనాన్ని ఎక్కువ కట్టిపడేసేది ఇదే. కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేయాల్సింది కూడా ఇదే.

కాబట్టి తక్కువ స్లాట్లున్నవాళ్లు పాటించదగ్గ పద్ధతి ఒకటుంది. ఒక స్లాట్‌ను దూరపు తేదీకి కేటాయించి దాన్ని కదపకుండా వదిలేయాలి. రెండోదాన్ని వారం పది రోజుల్లో తిరిగే స్లాట్‌గా ఉంచుకోవాలి. రెండింటినీ దూరపు తేదీలకు పెడితే పాస్ నిద్రపోతుంది. మరీ దగ్గరి తేదీలకే వాడితే పుట్టినరోజు లాంటి మార్చలేని రోజు చేజారుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగొద్దాం. ఒకే తేదీకి పాస్‌హోల్డర్‌కు ఖాళీ లేకపోయి రోజు టికెట్ కొనేవాడికి ఖాళీ ఎలా ఉంటుంది? పార్కు మొత్తానికి ఒకే ఖాతా ఉందని మనం అనుకుంటాం. నిజానికి ఒక్కో తేదీ సామర్థ్యాన్ని ముందే విడగొడతారు. రోజు టికెట్లకు ఇంత, హోటల్ అతిథులకు ఇంత, పాస్‌హోల్డర్లకు ఇంత. పాస్‌హోల్డర్ల వాటా నిండగానే వాళ్ల కేలండర్లో ఆ తేదీ మూసుకుపోతుంది. పక్క వాటాలో వేల ఖాళీలున్నా అవి ఇటు కనిపించవు. రైల్లో ఒక కోటా బెర్తులు అయిపోయి, వేరే కోటా బెర్తులు మిగిలిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. విమానయాన సంస్థలు, హోటళ్లు దశాబ్దాలుగా చేస్తున్నదే.

కంపెనీ వైపు నుంచి చూస్తే కారణం తేటగా ఉంది. రోజు టికెట్‌తో వచ్చిన కుటుంబం ఆ రోజుకే ప్రత్యేకంగా డబ్బు కడుతుంది, ఉదయం నుంచి రాత్రి దాకా ఉంటుంది, భోజనాలు అక్కడే చేస్తుంది, మళ్లీ ఎప్పుడొస్తామో అని బొమ్మలు, టీషర్టులు కొంటుంది. పదోసారి వచ్చిన పాస్‌హోల్డర్ ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుతాడు, ఆ రోజు ప్రవేశానికి కొత్తగా పైసా కట్టడు. 2022 ఆగస్టులో డిస్నీ ఇచ్చిన త్రైమాసిక ఫలితాల్లో డిస్నీల్యాండ్‌కు వచ్చిన జనంలో రకాల పాళ్లు సంస్థకు అనుకూలంగా లేవన్న అర్థం వచ్చే మాట వాడారు. అకౌంటింగ్ భాషలో అది మామూలు వాక్యమే. పాస్‌హోల్డర్లు మాత్రం దాన్ని తమనే అన్నట్టు తీసుకున్నారు. నిజానికి ఆ మాట వాళ్ల గురించే. ఏటా వందల డాలర్లు ముందే కట్టే మనిషిని, ఆ కట్టిన కారణంగానే తక్కువ విలువైన అతిథిగా లెక్కేయడం బాధ కలిగించే సంగతి. సంస్థకు లాభం ముఖ్యం కావడం తప్పు కాదు. పాస్ అమ్మేటప్పుడు ఆ వాటాల సంగతి చెప్పకపోవడం మాత్రం తప్పు.

కోర్టు కేసు పట్టుకున్నది కూడా ఈ మౌనాన్నే. 2021 చివర్లో ఒక డ్రీమ్ కీ కొనుగోలుదారు దావా వేశారు. బ్లాకౌట్ లేదని ప్రకటించి, పాస్‌హోల్డర్లకిచ్చే తేదీలను మాత్రం లోపల కుదించడం కొనేవాళ్లను తప్పుదోవ పట్టించడమేనన్నది వాదన. పాస్ ఉన్నంత మాత్రాన రిజర్వేషన్ దొరుకుతుందన్న హామీ లేదని నిబంధనల్లో రాసే ఉందన్నది సంస్థ వాదన. తీర్పుదాకా పోకుండా 2023లో 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 2021 ఆగస్టు 25 నుంచి అక్టోబరు 25 మధ్య డ్రీమ్ కీ కొన్న లక్షకు పైగా మందికి ఆ సొమ్ము పంచాల్సి వచ్చింది. ఖర్చులు పోగా ఒక్కొక్కరికి వచ్చేది సుమారు 67 డాలర్లు. తప్పు చేశామని సంస్థ ఒప్పుకోలేదు. 1,399 డాలర్ల పాస్ మీద 67 డాలర్లు పెద్ద ఊరట కాదు. కానీ కేసు నడుస్తుండగానే ఒక మార్పు వచ్చింది. 2022 ఆగస్టులో డ్రీమ్ కీ స్థానంలో వచ్చిన ఇన్‌స్పైర్ కీకి ధర 1,599 డాలర్లకు పెరిగింది, క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులకు బ్లాకౌట్ పెట్టారు. పైకి చూస్తే తక్కువ ఇచ్చి ఎక్కువ తీసుకున్నట్టే. అయినా, రానివ్వని రోజులేవో ముందే చెప్పి అమ్మడం, ఖాళీ లేదన్న పేరుతో ఆపడం కన్నా మేలు. కొనేవాడికి తనకేం దక్కదో ముందే తెలుస్తుంది.

ఫ్లోరిడా కథ వేరే దారి పట్టింది. అది ఇంకాస్త లోతైన పాఠం చెబుతుంది. అక్కడ 2021 సెప్టెంబరులో పిక్సీ డస్ట్, పైరేట్, సోర్సరర్, ఇన్‌క్రెడి-పాస్ అని నాలుగు రకాలు పెట్టారు. 399 డాలర్ల నుంచి 1,299 దాకా. స్లాట్లు వరుసగా మూడు, నాలుగు, అయిదు, అయిదు. డిస్నీ హోటల్లో గది తీసుకున్న పాస్‌హోల్డర్‌కు ఆ బస రోజులకు స్లాట్లతో పని లేకుండా అదనంగా తేదీలిచ్చే వెసులుబాటు ఉంది. గది అద్దె కడుతున్నాడు కాబట్టి అతను ఆ రోజులకు వేరే వాటాలోకి మారిపోయాడన్నమాట. 2023 ఏప్రిల్ 18 నుంచి మధ్యాహ్నం రెండు దాటాక పాస్‌హోల్డర్లు రిజర్వేషన్ లేకుండా రావచ్చన్నారు, శని ఆదివారాల్లో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు తప్ప. ఈ ఒక్క సడలింపు సాయంత్రపు రాకను బతికించింది. పొద్దున్న రద్దీ ఎంత ఉంటుందో ముందే తెలియడం పార్కుకు ముఖ్యం. సాయంత్రం వచ్చేవాళ్లతో ఆ లెక్క పెద్దగా చెడదు. పాస్‌హోల్డర్‌కేమో కావలసింది ఎక్కువసార్లు సాయంత్రమే. ఇద్దరికీ సరిపడే చోటు వెతికి పట్టుకున్న మంచి నియమం ఇది.

2024 జనవరి 9 నుంచి ఫ్లోరిడాలో తేదీ వేసి అమ్మే టికెట్లకు రిజర్వేషన్ ఎత్తేశారు. పాస్‌హోల్డర్లకు మాత్రం పూర్తిగా ఎత్తేయలేదు. ముందుగా బుక్ చేయనక్కర్లేని రోజులను కేలండర్లో విడిగా గుర్తించి చూపడం మొదలుపెట్టారు. ఎందుకీ తేడా? టికెట్ మీద తేదీ ఉంది. ఏ రోజు ఎంతమంది వస్తారో టికెట్ అమ్మిన క్షణానే పార్కుకు తెలిసిపోయింది, రిజర్వేషన్ అడగడం చెప్పినదాన్నే మళ్లీ చెప్పించుకోవడం అవుతుంది. పాస్ మీద తేదీ లేదు. పాస్‌హోల్డర్ రేపు వస్తాడో, ఆరు నెలలకు వస్తాడో పార్కుకు తెలియదు. రిజర్వేషన్ అనేది తేదీ లేని పాస్‌కు తేదీ అతికించే పని. ఇలా చూస్తే కరోనా పోయాక కూడా పాస్‌లకు రిజర్వేషన్ ఎందుకు అంటుకుని ఉందో ఇట్టే అర్థమవుతుంది. జబ్బు దానికి పుట్టుక మాత్రమే. ప్రాణం పోస్తున్నది ఈ తేదీ లేనితనం. ఎంతమంది సిబ్బందిని పిలవాలి, వంటగదుల్లో ఎంత సిద్ధం చేయాలి, ఎన్ని పడవలు, ఎన్ని బండ్లు తిప్పాలి అన్న లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఈ పద్ధతిలో పాస్‌హోల్డర్ల తప్పు కూడా ఒకటుంది. ఉచితంగా దొరికే తేదీని అవసరం ఉన్నా లేకున్నా పట్టుకుని పెట్టుకునే అలవాటు. ఆరు స్లాట్లుంటే ఆరు శనివారాలూ బుక్ చేసి, ఏ వారం ఎలా కుదురుతుందో చూసుకుని, కుదరనివి చివరి నిమిషంలో వదిలేయడం. ఒక్కరు చేస్తే ఏమీ కాదు. వేల మంది చేస్తే కేలండర్ అబద్ధమాడడం మొదలుపెడుతుంది. నిజంగా రాబోయేవాళ్లకు ఖాళీ లేదని చూపిస్తుంది, ఆ రోజు వచ్చేసరికి పార్కులో చోటు మిగిలిపోతుంది. దీన్ని అరికట్టడానికే మ్యాజిక్ కీలో నో-షో నియమం పెట్టారు. ముందు రోజు అర్ధరాత్రి లోపు క్యాన్సిల్ చేయకుండా, రాకుండా ఉండిపోవడం 90 రోజుల్లో మూడుసార్లు జరిగితే, ఆ తర్వాత 30 రోజులు కొత్త రిజర్వేషన్లు చేయనివ్వరు.

ఈ నియమం వల్ల తెలియకుండానే ఒక మంచి జరిగింది. శిక్ష తప్పించుకోవాలంటే ముందు రోజు రాత్రి లోపు వదిలేయాలి. వదిలిన తేదీ మళ్లీ కేలండర్లోకి వచ్చే వీలుంటుంది. కాబట్టి మూడు నెలల ముందు నిండిపోయిన శనివారం శుక్రవారం రాత్రి ఒక్కొక్క సీటుగా విచ్చుకోవడం అరుదేమీ కాదు. పదింటికి ఖాళీ లేదన్న తేదీ పదిన్నరకు తెరుచుకుంటుంది, అయిదు నిమిషాల్లో మళ్లీ మూసుకుంటుంది. దొరకదని నెల ముందే చేతులెత్తేసేవాళ్ల కంటే, ఆ రాత్రి ఒక స్లాట్ ఖాళీగా పెట్టుకుని చూసేవాళ్లకు దొరికే అవకాశం చాలా ఎక్కువ. స్లాట్లన్నీ దూరపు తేదీలకు కట్టేసుకున్నవాళ్లకు ఆ తెరుచుకున్న తేదీ కంటికి కనిపిస్తుంది గానీ చేతికి అందదు.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇంకో ముడి ఉంది. స్లాట్లు మనిషికి విడివిడిగా ఉంటాయి. వాటాలు పాస్ రకాన్ని బట్టి మారతాయి. తల్లిదండ్రులకు ఒక రకం, పిల్లలకు చవకని ఇంకో రకం కొంటే, ఒకే తేదీ ఇద్దరికి దొరికి మరో ఇద్దరికి దొరకని పరిస్థితి రావచ్చు. అప్పుడు నలుగురి పాస్ విలువ ఆ ఇంట్లో అన్నిటికన్నా తక్కువ రకం పాస్ విలువకు పడిపోతుంది, ఎందుకంటే పిల్లల్ని వదిలి ఎవరూ వెళ్లరు. నలుగురికీ మధ్యరకం కొనడం, ఇద్దరికి ఖరీదైనది ఇద్దరికి చవకది కొనడం కన్నా దాదాపు ఎప్పుడూ మెరుగు. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్టూ అక్కర్లేదు, రిజర్వేషనూ అక్కర్లేదు. ఏడాది మధ్యలో మూడేళ్లు నిండే పిల్ల ఉంటే ఆ పుట్టినరోజు దాటాక కొత్తగా ఒక పాస్, దానికి కొత్తగా ఒక తేదీ వెతకాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

పార్కుల సంగతీ ఉంది. అనహైమ్‌లో పక్కపక్కనే రెండు పార్కులు, ఫ్లోరిడాలో దూరదూరంగా నాలుగు. రిజర్వేషన్ చేసేటప్పుడు ముందు ఏ పార్కులో అడుగుపెడతారో చెప్పాలి. అక్కణ్ణుంచి ఇంకో పార్కుకు మారే వేళను అనహైమ్‌లో మొదట మధ్యాహ్నం ఒంటిగంటగా పెట్టి, 2023 ఫిబ్రవరి నుంచి ఉదయం 11కు జరిపారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ పనికొచ్చేది. డిస్నీల్యాండ్ పార్కుకు తేదీ దొరకనప్పుడు ఎదురుగా ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్‌కు దొరికితే, అక్కడ ఉదయం గడిపి, తర్వాత ఎదుటి గేటుకు నడిచి వెళ్లొచ్చు. రెండు గేట్ల మధ్య దూరం నిమిషాల నడకే.

చివరగా డబ్బు లెక్క. ఎన్నిసార్లు వెళ్తే పాస్ గిట్టుబాటవుతుందన్న ప్రశ్నకు చాలామంది పాస్ ధరను రోజు టికెట్ ధరతో భాగిస్తారు. ఇక్కడే పెద్ద పొరపాటు దొర్లుతుంది. డిస్నీల్యాండ్ ఒకరోజు టికెట్‌కు ఒకే ధర లేదు. 2022 అక్టోబరు ధరల ప్రకారం, ఒక్క పార్కుకు, జనం తక్కువుండే రోజుకు 104 డాలర్లు, పండగ రద్దీకి 179. ఇమాజిన్ కీ అప్పటికి 449 డాలర్లు. దాన్ని 179తో భాగిస్తే మూడోసారికే గిట్టినట్టు కనిపిస్తుంది. కానీ 179 డాలర్ల రోజుల్లో ఇమాజిన్ చెల్లదు. అది చెల్లే రోజులు ఎక్కువగా బడి నడిచే వారపు రోజులు, టికెట్ చవకగా ఉండే రోజులు. 104తో భాగిస్తే గిట్టుబాటు అయిదోసారికి. పార్కింగ్ విడిగా కట్టాలంటే ఇంకా వెనక్కి జరుగుతుంది. ఏ రోజుల్లో పాస్ చెల్లుతుందో, ఆ రోజుల టికెట్ ధరతోనే దాన్ని తూచాలి. ఆ అయిదు తేదీలూ రెండు స్లాట్లతో, మీకు కుదిరే వారాల్లో నిజంగా దొరుకుతాయా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

దానికి జవాబు డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు. తేదీల కేలండర్ పాస్ లేనివాళ్లకు కూడా తెరిచి ఉంటుంది. కొనదలచిన రకం ఎంచుకుని, రాబోయే మూడు నెలల్లో మీరు నిజంగా వెళ్లగలిగే రోజులను కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. రెండు మూడు వారాల పాటు రోజుకోసారి, వీలైతే ఒకసారి పగలు, ఒకసారి పడుకునేముందు చూసి, ఏవి తెరిచి ఉన్నాయి, ఏవి మూసుకున్నాయి, మూసుకున్నవాటిలో ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయి అని గుర్తు పెట్టుకోవాలి. వారపు రోజుల్లో వెళ్లగలిగే ఇంటికి ఆ కాగితం నిండా టిక్కులే ఉండొచ్చు. శనివారాలు తప్ప వేరే వీలు లేని ఇంటికి, మూడు నెలల్లో మూడు టిక్కులు కూడా పడకపోతే, ఏ రకం పాస్ కన్నా ఆ మూడు రోజులకు విడిగా కొనే టికెట్లే చవక.